ఇరవై మూడో ఇంటి దుమ్ము

మా ఊరి రైస్ మిల్లు ముంగట నేను నాలుగుసార్లు కొట్లాడిన. ఐదోసారి పోయేసరికి ఓంప్రకాశ్ సేటు కుర్చీలకెల్లి లేచి లోపటి అర్రలకు పోయి తలుపేసుకున్నడు. "ఆశక్క వస్తుంది, సేటు లేడని చెప్పుర్రి" అని హమాలీలకు చెప్పి పోయిండట. నేను తలుపు అవుతల నిలబడి, "సేటూ, నువ్వు లోపటనే ఉన్నవని నాకెరుకే! నీ మిల్లు ఊకబూడిదతోని నా బిడ్డకు ఊపిరి ఆడుత లేదు. నీ పిల్లలు కరీంనగర్ల అద్దాల ఇంట్ల ఉంటరు, మా తిప్పలు నీకేం తెలుస్తయి" అని గొంతు పోయేదాక ఒర్రిన. హమాలీలు బస్తాలు దించుడు ఆపి నన్నే చూసిన్రు. వాళ్లకు గదొక సినిమా.

నా పేరు అనసూర్య. చొప్పదండికి ఆరు కిలోమీటర్ల దూరంల మా ఊరు. పదమూడేండ్ల సంది ఈడ ఆశ వర్కర్‌గ చేస్తున్న. ఎవరింట్ల ఎవరికి నెల తప్పింది, ఎవరు బీపీ గోలీలు మింగకుంట దిండు కింద దాస్తున్నరు, అన్ని నాకు తెలుసు. నాకు కోపం జర జల్ది వస్తది, గది గూడ ఊరందరికి తెలుసు. మా అత్త బతికున్నప్పుడు, "దీనికి పురుడు పోసిన మంత్రసాని ఉగ్గుపాలల్ల కారప్పొడి కలిపింది" అని నవ్వేది.

నాకు ఒక్కతే బిడ్డ, శ్రీనిజ. పదకొండేండ్లు, ఆరో తరగతి. దానికి మూడేండ్ల సంది దమ్ము. తెల్లారంగ లేచి మంచంల కూసుంటది. రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టి, మెడ కాడ గుంటపడేటట్టు గాలి గుంజుకుంటది. ఛాతిలకెల్లి పిల్లి అరిసినట్టు సప్పుడు. నెలకు పది రోజులు బడి బందు. రెండుసార్లు కరీంనగర్ దవాఖానకు తోలుకపోయి గాలిమిషన్ పెట్టిచ్చిన. రెండోసారి ఆటోల దాన్ని ఒడిల పండబెట్టుకొని పోతుంటే పెదవులు నీలంగైనయి. దేవుడా, ఉన్నది గిదొక్కతే, గిది గూడ పోతే నేనెందుకు బతకాలె అని ఏడ్సుకుంట పోయిన.

దాని బాపు మల్లేష్ మస్కట్ల రాడ్ బెండింగ్ పనిల ఉండెటోడు. మూడేండ్ల కింద గాడనే గుండె ఆగి పోయిండు. పెట్టెల వచ్చిండు. గప్పటి సంది ఇంట్ల మేమిద్దరమే.

మా ఇంటికి మిల్లు మూడువందల అడుగుల దూరం. మిల్లు నడిచిన దినం మా డాబా మీద నల్లటి బూడిద పడుతది, ఆరేసిన బట్టల మీద చెయ్యి పెడితే చెయ్యికి అంటుతది. ఇగ నా బిడ్డకు దమ్ము ఎందుకొచ్చిందో ఎవరన్న చెప్పాల్నా?

మొన్నటి జూన్‌ల మా సబ్ సెంటర్‌కు ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు దీపిక. పుట్టి పెరిగింది లక్సెట్టిపేటల, పని చేసేది కరీంనగర్ల ఒక మెడికల్ కాలేజీల. ముప్పై ఐదేండ్లు ఉంటయి. ఆమె కంటె ఆమె సంచే పెద్దగున్నది.

"పిల్లలకు దమ్ము ఎందుకొస్తుంది, ఎవరికి ఏది పడుత లేదు, పల్లెటూరి ఇండ్లల్ల దుమ్ముల ఏమున్నది, గివి చూసెతందుకు వచ్చిన" అన్నది. "రెండేండ్ల పని. దమ్మున్న పిల్లలు ఉన్న ఇండ్లు నలభై కావాలె. నాతోని తిరిగి చూపెట్టెటోళ్లు ఒకరు కావాలె."

ఆమె మాట అయిపోకముందే నేను చెయ్యి లేపిన.

"మేడం, మీ పరిశోధనల మిల్లు పేరు వస్తదా?"

"మిల్లుతోనైతే వస్తది అక్కా. కాకపోతే రాదు."

"కాకపోవుడేంది? గదే!" అన్న. ఆమె నవ్వి నా పేరు రాసుకున్నది.

పని గిట్ల ఉండేది. దమ్మున్న పిల్లలందరికి ఆమె ఒక ఊదే గొట్టం, ఒక నోటుబుక్కు ఇచ్చింది. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి గుండెల నిండ గాలి తీసుకొని గట్టిగ ఊదితే, గొట్టం మీద ముల్లు ఒక నంబర్ కాడ ఆగుతది. గా నంబర్ బుక్కుల రాయాలె. నంబర్ ఎంత పెద్దగుంటే ఊపిరి అంత మంచిగాడుతున్నట్టు. శ్రీనిజ ఎత్తు పిల్లకు మూడువందల దాక రావాలెనట. మొదటి దినం నూట యాభై వచ్చింది. మేడం దానికి రోజూ పీల్చే మందు ఇచ్చి, ఎట్ల పీల్చాల్నో పది సార్లు నేర్పిచ్చింది. నేను గూడ కావలి కూసొని పీల్పిచ్చిన. నెలకు నూట డెబ్బై అయింది. గాడనే ఆగింది, ఇగ ఎక్కలే.

రెండోది చెయ్యి మీద చుక్కలు. మోచేయి కింద వరుసగ చుక్కలు పెట్టి సూదిమొనతోని జర గీకుతది. ఒక చుక్క బొద్దింకది, ఒకటి వయ్యారిభామ పువ్వుది, ఒకటి ఊకదుమ్ముది, ఒకటి పరుపుల పురుగుది, గిట్ల. ఏది పడదో గా చుక్క కాడ దోమ కుట్టినట్టు దద్దు లేస్తది. ఏ చుక్క ఏదో మేడం కాగితంలనే ఉంటది.

మూడోది దుమ్ము. మేడం కాడ చిన్న మిషన్ ఉన్నది, దుమ్ము గుంజుతది. పిల్ల పండుకునే పక్క మీద గజం జాగల రెండు నిమిషాలు తిప్పితే లోపట జల్లెడల దుమ్ము పడుతది. దాన్ని పాకెట్ల పెట్టి ఇంటి నంబర్ ఏస్తది.

మొదలు వారం ఐదిండ్లు తిరిగినం. మేడం పాకెట్లను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, "ఏందక్కా, మీ ఊర్ల దుమ్మే లేదా?" అన్నది. నాకు గర్వమైంది. "మా ఊరోళ్లు నీటుగుంటరు మేడం" అన్న.

ఆరో ఇల్లు కమలవ్వది. ఆమె మనుమడికి దమ్ము. మేం పోయేసరికి వాకిట్ల సాన్పి చల్లి ముగ్గేసి ఉన్నది, గడపకు పసుపు, ఇల్లంత కడిగి బండలు జారుతున్నయి. దండెం మీద ఏడు బొంతలు నీళ్లు కారుతున్నయి. మంచం మీద మడత గూడ ఇప్పని కొత్త చెద్దరు, దుకాణపోడు అంటించిన కాగితం తోనే ఉన్నది. పక్కన నాలుగు ఊదుబత్తులు. గా పిలగాడు మూలకు కూసొని దగ్గుతుండు.

మేడం మిషన్ కింద పెట్టింది. "అవ్వా, గీ బొంతలు ఎప్పుడు పిండినవ్?"

"నిన్న పొద్దుగాల సంది గదే పని బిడ్డా. నడుము ఇరిగిపోయింది. అనసూర్య ఫోన్ చేసి, రేపు డాక్టరమ్మ వస్తుంది అన్నది. పెద్ద డాక్టరమ్మ ఇంటికొస్తుంటే మురికి బొంతలు చూపెడుతమా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నాకు కావాల్సిందే దుమ్ము అవ్వా. గది కడిగేసినంక నేనేం తీస్కపోవాలె?"

కమలవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకున్నది. "దుమ్ము గావాల్నా? జర ముందుగాల చెప్తే చాటెడు తీసి పెడుదును గదనే!"

మేడం నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడ్డది. నాకు మాత్రం తల కొట్టేసినట్టైంది. ఆరిండ్లకు ఫోన్ చేసింది నేనే. రేపు డాక్టరమ్మ వస్తుంది, ఇల్లు జర మంచిగ పెట్టుకోర్రి అని చెప్పింది నేనే. సుట్టం వస్తుందంటే ఇల్లు కడుగుడు మాకు అలవాటు, గది తప్పని నాకెట్ల తెలుస్తది? మేడం నన్ను తిట్టలే. "ఇగ ఫోన్ చెయ్యకు అక్కా. చెప్పకుంట పోదాం. గా ఆరిండ్లకు రెండు నెలలు ఆగి మళ్ల పోదాం" అన్నది, గంతే.

గప్పటి సంది చెప్పకుంట పోయినం. తిట్లు నాకు పడ్డయి. మంచం మీద పాత చీరలు, చెమట దిండ్లు ఉండంగ మేడం లోపటికి వస్తే ఆడోళ్లు సిగ్గుతోని నన్ను గిచ్చెటోళ్లు. నేను ఊకుంటనా? "ఏందే గీ ఇజ్జత్? పిల్ల ఊపిరి పెద్దదా, నీ దిండు గలీబు పెద్దదా? ఉన్నది ఉన్నట్టు చూపెడితేనే కదా రోగం దొరికేది!" అని అందరికి నీతులు చెప్పిన. ఎంత గట్టిగ చెప్పిననో ఇప్పుడు తలుసుకుంటె నాకే నవ్వొస్తది.

ఆగస్టుల ఒక దినం పాకెట్లు తీసుకొని కరీంనగర్ పోయిన. మేడం తన గదిల సూక్ష్మదర్శినిల నన్ను చూడమన్నది. ఒక కన్ను మూసి చూసిన. ముందుగాల ఏం కనిపియ్యలే, తరువాత తెల్లగ, ఉబ్బుగ, ఎనిమిది కాళ్లతోని ఒకటి మెల్లగ పాకుకుంట పోతుంది. దాని పక్కన ఇంకొకటి.

"అయ్యో! గివేంది మేడం?"

"ఒకరి దిండు దుమ్ముల ఉన్న పరుపుల పురుగులు. మన ఒంటికెల్లి రాలే తోలు పొట్టు తిని బతుకుతయి. కంటికి కనవడవు, కుట్టవు. ఉతకకుంట, ఎండకెయ్యకుంట మందంగ ఉండే బట్టలల్ల పెరుగుతయి. వాటి పెంట కొందరు పిల్లల ఊపిరిల పడితే ఛాతి లోపటి గాలి గొట్టాలు బిగుసుకపోతయి."

బస్సుల ఇంటికొచ్చేదాక ఒళ్లంత గోక్కుంటనే ఉన్న. పక్కసీట్ల కూసున్న ముసలమ్మ జరిగి కూసున్నది.

ఇగ నా ఇంటి ముచ్చట. మాది ఇరవై మూడో నంబర్. అందరిండ్లకు చెప్పకుంట పోయినం గని, నాకెవరు చెప్పాలె? నేనే వరుస రాసేదాన్ని. బుధవారం మా ఇల్లు అని నాకు సోమవారమే తెలుసు.

మా ఇంట్ల ఒక రగ్గు ఉన్నది. ఎర్రది, మీద ఇంత పెద్ద పులి మొఖం. మస్కట్ పోయొచ్చినోళ్ల ఇండ్లల్ల అందరికి అసొంటిది ఉంటది. మల్లేష్ ఆఖరుసారి చలికాలంల సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిండు. ఇమానంల ముప్పై కిలోల సామానే తేనిస్తరట. రగ్గే ఆరు కిలోలు. గందుకని తన బట్టలన్ని రూంల ఇడిసిపెట్టి, రగ్గు పెట్టుకొని వచ్చిండు. "నీ బట్టలేవి?" అంటే, "బట్టలు ఈడ దొరుకయా? గిసొంటి రగ్గు దొరుకుతదా?" అన్నడు. ఉన్న నలభై దినాలు గదే కప్పుకున్నడు, నడుమ శ్రీనిజను పండబెట్టుకొని. దానికి పులి కండ్లు చూపెట్టి బూచి అని ఆడిచ్చెటోడు.

ఆయన పోయినంక గా రగ్గును నేను ఉతకలే. ఆయన జలుబుకు పూసుకునే జిందాతిలిస్మాత్ వాసన, ఆయన ఒంటి వాసన దాంట్ల ఉండె. నేను కప్పుకుంటే నిద్ర పట్టదు, దుఃఖం వస్తది. గందుకని బిడ్డకు కప్పిన. రోజు మాపటికి దాని మెడదాక గుంజి, "బాపు చూస్తుండు, పండుకో" అంటి. ఎండకాలంల గూడ ఫ్యాన్ పెట్టి గదే కప్పిన.

మంగళవారం నేను కమలవ్వ కంటె ఎక్కువ చేసిన. పరుపు డాబా మీద ఎండకేసిన. చెద్దర్లు, దిండ్ల గలీబులు సర్ఫ్ నీళ్లల్ల నానబెట్టి పిండిన. రగ్గును మడతపెట్టి, దాని ప్లాస్టిక్ సంచిల పెట్టి జిప్పేసి, బీరువా మీదికి ఎక్కిచ్చి పైన చీర కప్పిన. ఊరందరికి బట్టలు ఉతుకుర్రి, చేతులు కడుగుర్రి అని చెప్పే ఆశ వర్కర్ ఇంట్ల మూడేండ్లు నీళ్లు చూడని రగ్గున్నదని ఎట్ల చూపెడుత? పురుగుల సంగతి యాదికి రాలేదా అంటే, వచ్చింది. గవి ఊరోళ్ల దిండ్లల్ల ఉంటయి గని నా మల్లేష్ రగ్గుల ఎందుకుంటయి అనుకున్న. సదువుకున్న మనిషిని, గట్లనే అనుకున్న.

బుధవారం మేడం వచ్చింది, రెండు నిమిషాలు మిషన్ తిప్పింది. ఫారంల ఒక ప్రశ్న ఉంటది: పక్కబట్టలు అన్ని ఎన్ని రోజులకు ఉతుకుతరు? నేనే నా చేత్తోని "వారానికి ఒకసారి" అని రాసిన. శ్రీనిజ తలుపు కాడ నిలబడి నా దిక్కు చూసింది. గా మాపటికి రగ్గు దించి మళ్ల దానికి కప్పిన.

దసరా అయిన రెండు వారాలకు మేడం నన్ను సబ్ సెంటర్‌కు పిలిచింది. బల్ల మీద గళ్ల కాగితం పరిచింది. శ్రీనిజ నంబర్లన్ని చుక్కలు పెట్టి, చుక్కలను గీతతోని కలిపి ఉన్నయి.

"అక్కా, సెప్టెంబర్ల మిల్లు ఎన్ని దినాలు బందున్నది?"

"వడ్లు రాక ఇరవై దినాలు."

"గా ఇరవై దినాల గీత చూడు."

చూసిన. నూట డెబ్బై, నూట డెబ్బై ఐదు, నూట అరవై ఎనిమిది. ఎక్కలే, దిగలే.

"దసరాకు శ్రీనిజ ఏడికి పోయింది?"

"మీ లక్సెట్టిపేటకే. మా ఆడిబిడ్డ రమ ఇంటికి, పన్నెండు దినాలు."

"నాలుగో దినం సంది చూడు."

రెండువందల పది. రెండువందల ముప్పై. రెండువందల యాభై. ఇంటికి తిరిగొచ్చినంక మూడో దినానికి నూట ఎనభై.

"ఆడ మిల్లు లేదు గదా మేడం" అన్న, గని నా గొంతు నాకే సన్నగ వినవడ్డది.

"ఈడ మిల్లు బందున్నప్పుడు ఎందుకు పెరగలే మరి?" అని మేడం ఇంకొక కాగితం తీసింది. "శ్రీనిజ చెయ్యి మీద ఊకదుమ్ము చుక్క కాడ ఏం లేవలే. పరుపుల పురుగు చుక్క కాడ ఎనిమిది మిల్లీమీటర్ల దద్దు లేచింది. నలభై మంది పిల్లలల్ల గింత పెద్దది ఇంకెవరికి రాలే. నలభై ఇండ్లల్ల అన్నిటికంటె శుభ్రమైన పక్క మాత్రం మీదే. గీ రెండు పొసగుత లేవక్కా. నేనన్న ఏదో తప్పు చేసి ఉండాలె, లేకపోతే నేను చూడనిది మీ ఇంట్ల ఏదన్న ఉండాలె."

ఏమంటున్ననో తెలువకనే అన్న, "సేటు మిమ్ముల మంచిగ అర్సుకుంటుండా మేడం? మిల్లును కాపాడి నా ఇంటి మీద పెడుతున్నరు."

ఆమె మొఖం ఎర్రబడ్డది. ఐనా గొంతు పెంచలే. "నన్ను తిట్టు అక్కా. బూడిద మంచిదని నేనంటలే. గని శ్రీనిజ తక్లీఫ్ బూడిదతోని కాదు. చలికాలం వస్తుంది. గీ పిల్ల గిట్లనే నూట డెబ్బైల ఉంటే మళ్ల దవాఖాన ఎక్కుతది. గప్పుడు ఏమైతదో నేను చెప్పలేను."

నేను లేచి వచ్చిన. తొవ్వల మిల్లు ముంగట ఓంప్రకాశ్ సేటు కుర్చీల కూసున్నడు. నన్ను చూడంగనే అలవాటు కొద్ది లేచిండు. నేను మాట్లాడకుంట పోతుంటే ఆయనే పరేషాన్ అయి, "ఏమక్కా, గీ దినం ఏమనవా?" అన్నడు. ఇంటి దిక్కే నడిచిన.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర అయింది. శ్రీనిజ బడికెల్లి వచ్చి, మంచం మీద బోర్ల పండుకొని లెక్కలు చేసుకుంటుంది. మోచేతుల కింద రగ్గు మడత. పులి మొఖం మీద నోటుబుక్కు.

నేను రగ్గు గుంజిన. బుక్కు కింద పడ్డది. రగ్గును మొఖానికి అద్దుకొని వాసన చూసిన. మూడేండ్ల సంది కప్పుతున్న గని ముక్కు పెట్టి చూసి ఎన్నాళ్లైందో. మడత మడతకు చూసిన. మెత్తటి, ముక్కిన వాసన. పాత సందూక తెరిస్తే వస్తది సూడు, గది. గంతకంటె ఏం లేదు. జిందాతిలిస్మాత్ లేదు, ఆయన లేడు.

"ఏమైందే అవ్వా?" అన్నది శ్రీనిజ.

"గీ రగ్గు కడగాల్నట." నా గొంతు కర్కశంగనే వచ్చింది. "కడిగితే బాపు వాసన పోతదే."

అది కింద పడ్డ బుక్కు తీసుకొని దుమ్ము దులిపింది. "వాసన ఎప్పుడో పోయింది అవ్వా. నేను మూడో తరగతి నుంచి నాలుగుకు పోయినప్పుడే పోయింది."

"నాకెందుకు చెప్పలే మరి?"

అది బుక్కు మూసి సంచిల పెట్టింది.

"చెప్పు. మెడదాక కప్పుతుంటే ఒక్కనాడన్న వద్దనలే గదనే!"

"కప్పుకుంటే ముక్కు దురద పెడుతది. తుమ్ములొస్తయి" అన్నది మెల్లగ. "లక్సెట్టిపేటల అత్త పల్చటి చెద్దరు కప్పింది, నాకు మంచిగ నిద్ర పట్టింది. గని నువ్వు కప్పినప్పుడు నీ మొఖం మంచిగుంటది అవ్వా. నేను వద్దంటే, బాపును మర్చిపోయినవా అని ఏడుస్తవని చెప్పలే."

నేను మంచం పట్టె మీద కూసున్న. నా బిడ్డ మూడేండ్లు నా కోసం ఊపిరి బిగపట్టుకొని పండుకున్నది. ఊరంత తిరిగి, పిల్ల ఊపిరి పెద్దదా, నీ ఇజ్జత్ పెద్దదా అని అడిగినదాన్ని. మిల్లు మీదికి ఐదుసార్లు ఉరికినదాన్ని. నా చేత్తోనే రోజూ మెడదాక కప్పిన. ఇగ నాకు దుఃఖం ఆగలే, దాన్ని పట్టుకొని బోరున ఏడ్సిన. "చూసినవా, ఏడుస్తవని ముందే అన్న గదా" అన్నది అది, నా వీపు రాసుకుంట.

తెల్లారి మేడంకు ఫోన్ చేసిన. "మిషన్ తీసుకొని రార్రి. గీసారి నేనేం కడగలే" అన్న. ఆమె ఏం అడగకుంట వచ్చింది. రగ్గు మీద రెండు నిమిషాలు మిషన్ తిప్పి జల్లెడ బయటికి తీస్తే, మందంగ బూడిదరంగు దూదిలెక్క వచ్చింది. గింత దుమ్ము కమలవ్వ చాటల గూడ పట్టదు. పాకెట్ మీద ఇరవై మూడు అని రాసి పక్కన ఒక గీత గీసి రెండు అని ఏసింది.

"మేడం, నిన్న నేనన్న మాటకు…"

"నిన్నటిది ఇడిసిపెట్టు అక్కా."

"ఇరవై మూడో ఇంటి ఫారం ఉన్నదా?"

ఉన్నది. సంచిలకెల్లి తీసిచ్చింది. "వారానికి ఒకసారి" అని నేను రాసినదాన్ని కొట్టేసి, పక్కన "రగ్గు: మూడేండ్ల నాలుగు నెలల సంది ఉతకలే" అని రాసి కింద సంతకం పెట్టిన. మేడం చదివి, మల్లేష్ పోయి ఎన్నాళ్లైందో లెక్కపెట్టుకున్నట్టున్నది, నా చెయ్యి మీద చెయ్యేసింది.

"పారెయ్యాల్నా మేడం?"

"పారెయ్యకు. మసిలే నీళ్లల్ల నానబెట్టి ఉతుకు. రెండు దినాలు ఎర్రటి ఎండల ఆరెయ్యి. తరువాత సంచిల పెట్టి దాసుకో, పిల్లకు పల్చటిది కప్పు. పీల్చే మందు మాత్రం బంద్ పెట్టకు. ఒక్క రగ్గుతోనే అంత అయిందని నేను ఇప్పుడే అనను. నెల దినాల నంబర్లు చూసినంక చెప్త."

ఆదివారం పెరట్ల కాగు పెట్టి నీళ్లు కాగబెట్టిన. రగ్గు నీళ్లల్ల ముంచంగనే నీళ్లు చాయ రంగైనయి. మూడుసార్లు మార్చిన, మూడోసారి గూడ తేటపడలే. నీళ్లు తాగి అది ఎంత బరువైందంటే ఒక్కదానితోని లేవలే. శ్రీనిజ మూతికి గుడ్డ కట్టుకొని వచ్చింది. అది ఒక కొస పట్టుకున్నది, నేనొక కొస. ఇద్దరం చెరో దిక్కు మెలి తిప్పినం. పులి మొఖం మెలిపడుతుంటే నా చేతులు వాటంతటవే ఆగినయి. ఆయన బట్టలన్ని ఇడిసిపెట్టి, గిదొక్కటి మోసుకొని ఎయిర్‌పోర్టుల బయటికొచ్చిన మొఖం కండ్ల ముంగట కనవడ్డది.

"గట్టిగ పిండు అవ్వా" అన్నది శ్రీనిజ. "గది బాపు కాదు. రగ్గు."

గట్టిగ పిండిన. నీళ్లు జలజల కారి మందారం చెట్టు మొదట్ల పడ్డయి. ఇద్దరం మోసుకపోయి డాబా గోడ మీద ఆరేసినం. మిల్లు బూడిద పడకుంట పైన పాత చీర కప్పిన.

నిన్నటికి నెల దినాలు. పొద్దుగాల శ్రీనిజ ఊదింది. రెండువందల అరవై ఐదు. నమ్మకం లేక ఇంకోసారి ఊదుమన్న. రెండువందల డెబ్బై. "ఏది రాయాలె అవ్వా?" అని అడిగింది. పెద్దదే రాయమని మేడం చెప్పింది గదా, రాయమన్న. రాసి, బుక్కు సంచిల పెట్టుకొని, బడికి ఉరికింది.